గొయ్యి చూపించిన దిక్కు

ఆ రాయి మా తోటలో పడిన సమయానికి నేను బడిలో ఉన్నాను. చంద్రుడి మీది గోతుల గురించి పాఠం చెబుతూ ఉన్నానని రాస్తే చదవడానికి బాగుంటుంది గానీ, నిజానికి ఎనిమిదో తరగతి పరీక్ష పేపర్లు దిద్దుతూ, ఆ చేతిరాతల్ని మనసులో తిట్టుకుంటూ కూర్చున్నాను. మా ఆయన ఫోన్ చేశారు.

"తొందరగా రా. మన తోటలో ఆకాశంలోంచి రాయి పడింది" అన్నారు. గొంతులో భయం లేదు, సంబరం ఉంది.

నేను సైన్సు టీచర్ని. ఉల్కలంటే నాకు చిన్నప్పటినుంచీ పిచ్చి. చంద్రుడి మీద, బుధగ్రహం మీద, గురుగ్రహం చుట్టూ తిరిగే చందమామల మీద ఎక్కడెక్కడ ఎలాంటి గోతులున్నాయో ఫొటోలు చూసి చూసి, చివరికి ప్లేట్లో గారె పెట్టినా నాకు గొయ్యే కనిపిస్తుందని మా అత్తయ్య ఎగతాళి చేసేది. అలాంటిదాన్ని, నా సొంత తోటలో ఉల్క పడిందంటే ఆగుతానా? హెడ్మాస్టారికి ఒక మాట చెప్పి దొరికిన ఆటో ఎక్కేశాను. దారి పొడుగునా ఆటో అతన్ని తొందరపెడుతూనే ఉన్నాను. ఆ సంబరమంతా తోటలోకి వెళ్ళి గొయ్యి చూసేదాకానే.

మా ఇల్లు నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్ళే దారిలో, రోడ్డు వదిలి లోపలికి వచ్చాక, మామిడి తోట మధ్యలో ఉంటుంది. తోట వెనక కొండ. కొండకి అవతలి వైపు చాలా ఏళ్ళుగా కంకర క్వారీ ఉంది. ఆ ఏడాదే ఇవతలి వైపు, అంటే మా వైపు, కొత్తగా తవ్వడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం పనివాళ్ళ భోజనాల వేళ ఒక సైరన్ మోగుతుంది, మనుషులు దూరంగా తప్పుకోవడానికి. కాసేపటికి రెండోది మోగుతుంది. ఆ వెంటనే పేలుస్తారు. మా వంటింట్లో గిన్నెలు ఒకసారి గలగలమని ఊరుకుంటాయి. అలవాటైపోయి మేమెవరమూ పట్టించుకునేవాళ్ళం కాదు.

గొయ్యి మోటారు షెడ్డు పక్కన, పెద్దరసాల చెట్టు కింద ఉంది. చెట్టు పూత మీద ఉంది. రాలిన పూత మధ్య ఎర్రమట్టి చీలిపోయి కనిపించింది. వంగి చూశాను. గొయ్యి గుండ్రంగా లేదు, పొడుగ్గా ఉంది. కొండవైపు కొస పైపైన గీరినట్టు మొదలై, ఇంటివైపు వచ్చేసరికి లోతుగా దిగింది. లేచిన మట్టంతా ఇంటివైపే చిమ్మింది. ఆ లోతు కొస దగ్గర నిలబడి గొయ్యి పొడుగు వెంబడి తలెత్తితే, చెట్ల సందులోంచి సరిగ్గా కొండ మీది కొత్త క్వారీ తెల్లగా కనిపించింది. నా సంబరం అక్కడికక్కడే చచ్చిపోయింది.

రాయిని అప్పటికే బయటికి తీసేశారు. కొబ్బరికాయ కన్నా కాస్త పెద్దది. నేను వచ్చేదాకా ఆగమని మా ఆయన అన్నారట గానీ, అత్తయ్య ఆగే మనిషి కాదు. కడిగి, పసుపు రాసి, అక్కడే చెట్టు కింద పీట మీద పెట్టేసింది.

"చూశావా అమ్మాయ్, నామంతోనే వచ్చాడు స్వామి" అంది నన్ను చూడగానే.

రాయికి ఒక పక్క నున్నటి గాడి ఉంది. గొట్టాన్ని నిలువునా కోసి సగం తీసేస్తే ఎలా ఉంటుందో అలా. ఆ గాడి పొడుగునా అత్తయ్య ఎర్రగా కుంకుమ దిద్దింది. నిజం చెప్పొద్దూ, చూడ్డానికి నామంలాగే ఉంది. కానీ అదేంటో నాకు తెలుసు. క్వారీలో బండకి డ్రిల్లుతో బెజ్జం వేసి అందులో మందు కూరుతారు. పేలాక ఆ బెజ్జం నిలువునా చీలిపోయి, పగిలిన ముక్క మీద సగం గొట్టంలాంటి గుర్తు మిగులుతుంది. పైనుంచి వచ్చే రాయైతే ఒళ్ళంతా కాలి పలచటి నల్లటి పెంకు కట్టి ఉంటుంది, అంచులు కరిగి మొద్దుబారి ఉంటాయి. దీని అంచులు పట్టుకుంటే చెయ్యి తెగేలా ఉన్నాయి.

"అత్తయ్యా, ఇది స్వామి కాదు. క్వారీ రాయి. కొండ మీంచి ఎగిరొచ్చింది. ఇవాళ పడింది, మళ్ళీ పడుతుంది. మీరీ చెట్టు కిందకి రాకండి" అన్నాను.

అక్కడ చేరిన ఆడవాళ్ళంతా పెళ్ళిపందిట్లో తుమ్మినదాన్ని చూసినట్టు చూశారు నన్ను. మా ఆయనకి నలుగురిలో పరువు పోయినట్టయింది. "ప్రతిదానికీ సైన్సు తెస్తావేంటి నువ్వు? అంత రాయి అంత దూరం ఎగిరొస్తదా?" అన్నారు. వస్తుందని చెప్పాను. ఎవరూ వినలేదు.

వాళ్ళు ఎందుకు వినలేదో కూడా చెప్పాలి, లేకపోతే నేనొక్కదాన్నే తెలివైనదాన్నని రాసుకున్నట్టు అవుతుంది. అంతకు ముందు వరసగా కొన్నేళ్ళు నల్ల తామర పురుగు మా చెట్ల పూతంతా మాడ్చేసింది. ఎన్ని మందులు కొట్టినా పూత నల్లబడి రాలిపోయేది. చుట్టుపక్కల చాలామంది మామిడి కొట్టేసి పామాయిల్ మొక్కలు వేశారు. మామయ్య పోయాక ఆ తోటని చూసుకుంటూ బతికిన మనిషి మా అత్తయ్య. ఆయన నాటిన చెట్టు ఒక్కటి కూడా కొట్టనివ్వనని పట్టుబట్టి కూర్చుంది. అలాంటి ఏడాది, పూత నిలుస్తుందో లేదోనని అందరూ రోజూ కొమ్మలకేసి చూస్తున్న ఏడాది, పైనుంచి నామం పెట్టుకుని ఒక స్వామి దిగితే వద్దనేవాళ్ళెవరు? పైగా ఆ ఏడాది పూత నిలిచింది. నేను ఓడిపోవడానికి ఆ ఒక్కటీ చాలు.

ఆ సాయంత్రం వంటింట్లో పళ్ళెం నిండా బియ్యప్పిండి పోసి, పైన పలచగా కారం చల్లాను. బడిలో పిల్లలకి చేసి చూపించేదే. అత్తయ్యని కూర్చోబెట్టి, గోళీని నిటారుగా వదిలాను. గుండ్రంగా గుంట పడింది. పక్కనుంచి వాలుగా విసిరాను. పొడుగ్గా గీరుకుంటూ పోయి, పిండి ముందుకి చిమ్మింది.

"చూశారా? మన గొయ్యి ఇలా ఉంది. నిజంగా పెద్ద ఉల్కలు పడినప్పుడు బాగా వాలుగా వచ్చినా గొయ్యి మటుకు గుండ్రంగానే పడుద్ది. ఆ వేగానికి రాయి నేలని గీరదు, తగిలిన చోటే బాంబులాగా పేలుద్ది. చిన్న రాయి అయితే గాల్లోనే జోరు పోయి ఇంచుమించు నిటారుగా పడుద్ది. ఎలా చూసినా ఇంత పొడుగు గొయ్యి రాదు. ఇది పక్కనుంచి విసిరిన రాయి అత్తయ్యా."

ఆవిడ పళ్ళెంలోకి శ్రద్ధగా చూసింది. నాకు ఆశ పుట్టింది.

"స్వామి మనకోసమని మెల్లిగా విసిరాడమ్మాయ్. నువ్వు చెప్పే ఆ జోరుతో వస్తే మనం మిగులుతామా ఏంటి?" అంది. తర్వాత కారం కలిసిన పిండి వంక చూసి, "దీంతో జంతికలు చేసేస్తాలే, పారబొయ్యకు" అంది.

నవ్వొచ్చింది నాకు. ఆవిడ మీద ఎంతసేపు కోపం పట్టుకోగలను? పెళ్ళయ్యాక బీఎడ్ చదవనన్న నన్ను పోరి పోరి చదివించింది ఆవిడే. ఇప్పుడు హాస్టల్లో ఉండి చదువుతున్న మా అమ్మాయిని, చంటిదిగా ఉన్నప్పుడు తను ఒళ్ళో వేసుకుని నన్ను పరీక్షలకి పంపింది. నాకు ఉద్యోగం వచ్చిన రోజున బస్సులో కండక్టరుకి కూడా "మా కోడలు సైన్సు టీచరండీ" అని చెప్పింది. నా సైన్సు అంటే అంత గర్వం ఆవిడకి. ఆ సైన్సు చెప్పిన ఒక్క మాట వినమని బతిమాలితే మాత్రం వినలేదు.

చంద్రుడి మీద ఒక సంగతి ఉంది, నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టకుండా చేసింది అదే. పెద్ద ఉల్క పడి పెద్ద గొయ్యి ఏర్పడినప్పుడు అందులోంచి లేచిన రాళ్ళు దూరంగా వెళ్ళి పడతాయి. అవి మళ్ళీ చిన్న గోతులు చేస్తాయి. వాటి జోరు తక్కువ గనక ఆ పిల్ల గోతులు చాలాచోట్ల పొడుగ్గా, బారులు తీరి ఉంటాయి. వాటి పొడుగు వెంబడే వెనక్కి పోతే తల్లి గొయ్యి దొరుకుతుంది. మా తోటలోది పిల్ల గొయ్యి, తల్లి కొండ మీద ఉంది. చంద్రుడి మీద ఒక్క పిల్లతో ఆగిన తల్లి గొయ్యిని నేనెక్కడా చూడలేదు. పైగా చంద్రుడి మీద అయితే తల్లి గొయ్యి ఒక్కసారే పుడుతుంది. ఇక్కడ రోజూ మధ్యాహ్నం సైరన్ వేసి మరీ పుట్టిస్తున్నారు.

క్వారీల సంగతి చూసే గనుల ఆఫీసుకి ఫోన్లు చేసి చేసి, చివరికి ఒకాయన్ని వస్తానని ఒప్పించాను. ఆయన వచ్చేదాకా గొయ్యి మీద చెయ్యి వెయ్యొద్దని ఇంట్లో చెప్పి, గొయ్యి చుట్టూ మామిడి కొమ్మలు పాతి మరీ బడికి వెళ్ళాను. సాయంత్రం వచ్చేసరికి గొయ్యి లేదు.

దేవుడు దిగిన చోట నేల నోరు తెరుచుకుని ఉండకూడదట. ఇంటికి అరిష్టమట. మా ఆయన చెరువు మట్టి ట్రాక్టర్ మీద తెప్పించి పూడ్చారు. అత్తయ్య పైన పేడతో అలికి, చుట్టూ ముగ్గేసి, ముగ్గు మధ్యలో నవధాన్యాలు చల్లింది. నా కొమ్మలు మర్యాదగా ఒక పక్కన పేర్చి ఉన్నాయి. నేను ఆ ముగ్గు దగ్గర నేల మీద కూలబడి ఏడ్చాను. అది చూసి అత్తయ్య భక్తి అనుకుందో ఏమో, వచ్చి నా నుదుటిన కాస్త కుంకుమ పెట్టి వెళ్ళింది.

ఆఫీసు నుంచి వచ్చినాయన మంచివాడే. రాయి చూశాడు, గాడి మీది కుంకుమ పక్కకి తుడవబోతే అత్తయ్య ఊరుకోలేదు. "ఇది డ్రిల్లు గుర్తేనండీ, నాకూ తెలుస్తానే ఉంది. కానీ ఇలాంటి రాళ్ళు రోడ్డు పక్కన ఎన్నైనా దొరుకుతాయి. ఎగిరొచ్చి పడిందనడానికి ఆధారం ఏంటండీ? గొయ్యి చూపించండి" అన్నాడు. నేను నవధాన్యాల మొలకలు చూపించాను. తవ్వించి చూపిస్తానంటే అత్తయ్య వెళ్ళి ఆ ముగ్గు మీద కూర్చుంది. తల్లిని లేపడానికి మా ఆయనకి చేతులు రాలేదు. ఆఫీసాయన మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత నేనే క్వారీకి వెళ్ళాను. అక్కడ మేనేజరు కుర్చీ వేసి కూర్చోబెట్టి, వలలు కప్పే పేలుస్తామని, చీమక్కూడా దెబ్బ తగలదని చెప్పాడు. "మీ తోటకి గ్రావెల్ రోడ్డు వేయించింది మేమే కదమ్మా" అని గుర్తు కూడా చేశాడు. అది నిజమే. ఆ రోడ్డు మీద నడుచుకుంటూనే ఇంటికొచ్చాను.

అక్కడితో ఆగినా బాగుండేది. స్వామి దగ్గరికి జనం రావడం మొదలైంది. శుక్రవారం శుక్రవారం ఊళ్ళో ఆడవాళ్ళు వచ్చి చెట్టు కింద భజన చేసేవాళ్ళు. ఆడవాళ్ళకి ఖాళీ దొరికేది ఎప్పుడు? వంటలై, మగవాళ్ళు తిని, గిన్నెలు కడిగాక. క్వారీలో పేల్చేదీ అప్పుడే. కొండ మీద ఎవరో కూర్చుని, ఎక్కడ రాయి పడుతుందో లెక్క కట్టి, సరిగ్గా అక్కడికి, సరిగ్గా ఆ వేళకి జనాన్ని పిలిస్తే ఎలా ఉంటుందో అలా తయారైంది మా తోట. మిగతా రోజుల్లో అత్తయ్య ఒక్కతే ఆ చెట్టు కింద చాప వేసుకుని కూర్చునేది. మామిడికాయలు తరిగినా అక్కడే, కునుకు తీసినా అక్కడే. పాత మొలకలు ఎండితే పీకేసి, కొత్త ముగ్గేసి మళ్ళీ నవధాన్యాలు చల్లేది.

"ఒకసారి పడ్డాక మళ్ళీ అక్కడే పడుద్దా అమ్మాయ్? తోటంతట్లో భయం లేని చోటు ఇదే" అనేది. పడుతుందని ఎన్ని విధాల చెప్పాలో అన్ని విధాల చెప్పాను. కోపంగా చెప్పాను, ఏడుస్తూ చెప్పాను, కాళ్ళు పట్టుకుని చెప్పాను. కాళ్ళు పట్టుకుంటే దీవించింది.

ఇక నాకు మిగిలింది ఫోనొకటే. బడిలో ఉన్నా మొదటి సైరన్ సన్నగా వినిపిస్తుంది. అది వినగానే ఏ క్లాసులో ఉన్నా వరండాలోకి వచ్చి ఇంటికి ఫోన్ చేసేదాన్ని. అత్తయ్య ఫోన్ ఎప్పుడూ వంటింటి గట్టు మీదే పెడుతుంది. అది మోగితే చెట్టు కిందనుంచి లేచి లోపలికి రావాలి. వచ్చాక ఏదో ఒక కబురు చెబుతూ, రెండో సైరన్ మోగి, పేలి, గిన్నెలు గలగలమన్న చప్పుడు ఫోన్లో వినేదాకా ఆవిణ్ణి పట్టి ఉంచేదాన్ని. పప్పులో ఉప్పెంత, పాలు తోడేశారా, గేదె ఈనిందా, ఏదైతేనేం. ఆవిడకి నా ఎత్తు తెలుసు.

"బతికే ఉన్నాలే అమ్మాయ్, పోయి అన్నం తిను" అని పెట్టేసేది.

మా ఆయనకి మాత్రం ఇదేమీ చెప్పలేదావిడ. "రోజూ ఆ టైముకి అత్తాకోడళ్ళకి ఏం కబుర్లో" అని ఆయన అంటే, "దానికి వంట రాదు కదరా, అడుగుతా ఉంటది" అనేదట. నన్ను వెనకేసుకొచ్చిందో, కొడుకు నాతో గొడవ పడకూడదనుకుందో, నాకు ఇప్పటికీ తెలియదు.

ఎండలు ముదిరి ఒంటిపూట బడులు మొదలయ్యాయి. కాయ ముదిరింది. పెద్దరసాల చెట్టు కొమ్మలు నేలకి వంగాయి. ఇంకొక్క రోజు గడిస్తే వేసవి సెలవులు. సెలవులొస్తే నేను ఇంట్లోనే ఉంటాను, సైరన్ వేళకి ఆవిణ్ణి చెయ్యి పట్టి లోపల కూర్చోబెడతాను, వినకపోతే తలుపు గడియ పెడతాను. ఆ ఒక్క రోజు గడిస్తే చాలని ఉల్కలతో సహా తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను.

ఆ రోజు పిల్లల్ని పంపించి, రిజిస్టర్లు అప్పజెప్పి, ఆటో ఎక్కేసరికి ఆలస్యమైంది. రోడ్డు మీద ఉండగా మొదటి సైరన్ మోగింది. ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. మా ఆయనకి చేశాను, ఆయన కాయల లోడు వేయించుకుని నూజివీడు మార్కెట్లో ఉన్నారు, ఆ గోలలో వినిపించలేదు. మళ్ళీ అత్తయ్యకి చేశాను. ఆటో గ్రావెల్ రోడ్డు మీదికి తిరిగింది. రెండో సైరన్ మోగింది. ఫోన్ చెవిదగ్గర మోగుతూనే ఉంది. పేలింది. ఎప్పుడూ ఫోన్లో వినే చప్పుడు ఆ పూట నేరుగా విన్నాను, ఆటో అద్దం అదిరింది.

తర్వాత తెలిసింది, ఆవిడ ఫోన్ విని లేచిందట. పక్క తోటలో కాయ కోస్తున్న ఆవిడ చూసింది. అత్తయ్య లేచి రెండడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగి, స్వామి ముందు దీపం గాలికి ఆరకుండా చెయ్యి అడ్డం పెట్టడానికి వంగిందట. రాయి అప్పుడు వచ్చింది.

నేను వెళ్ళేసరికి అత్తయ్య ముగ్గు మీద పక్కకి ఒరిగి ఉంది. చెంప కింద మొలకలు నలిగిపోయి ఉన్నాయి. పిలిచాను. పిలుస్తూనే ఉన్నాను. వంటింట్లోంచి ఫోన్ వినిపిస్తోంది, దారిలో మళ్ళీ ఎప్పుడు నొక్కానో, నా చేతిలో ఫోన్ ఇంకా ఆవిడకే చేస్తోంది. దాన్ని ఆపాలన్న సంగతి కూడా నాకు తోచలేదు, ఆటో అతను నా చేతిలోంచి తీసుకుని ఆపాడు. అంబులెన్సు వచ్చింది. అందులో వాళ్ళు చూసి, ఇక ఎక్కడికీ తీసుకువెళ్ళక్కర్లేదన్నారు.

ఆవిడ మీద పడిన రాయి నేలని తాకి గొయ్యి చెయ్యలేదు. ఆవిడే అడ్డు పడింది. నేను ఆవిడ పక్కన కూర్చుని లేచేసరికి, ఎవరో ఆ రెండో రాయిని కూడా కడిగి, పసుపు రాసి, మొదటి రాయి పక్కన పెట్టేశారు.

"అదృష్టవంతురాలు. స్వామే వచ్చి తీసుకుపోయాడు" అన్నారొకరు. "ఇలాంటి చావు ఎవరికొస్తదండీ" అన్నారు ఇంకొకరు. నేను అరిచాను. ఏం అరిచానో రాయను, రాయదగ్గ మాటలు కావు. దుఃఖంలో మతి తప్పిందని నన్ను లోపల పడుకోబెట్టి మంచినీళ్ళిచ్చారు. పోలీసులకి చెబుదామని మా ఆయన్ని బతిమాలాను. ఆయన రాయిలా కూర్చుని, "అమ్మని కొయ్యనివ్వను" అని ఒక్కమాటే అన్నారు. క్వారీ యజమాని పెద్ద పూలదండ తెచ్చి అత్తయ్య మీద వేశాడు. తర్వాత చెట్టు కిందకి వెళ్ళి ఆ రాళ్ళకి కూడా దణ్ణం పెట్టాడు. తన డ్రిల్లు గుర్తుకి తనే మొక్కుతున్నానని అతనికి తెలుసో తెలియదో, కళ్ళు మాత్రం గట్టిగా మూసుకున్నాడు. సాయంత్రానికి ఆవిణ్ణి బూడిద చేసి వచ్చారు.

చిన్నదినం రోజున ఆవిడకి ఇష్టమైనవన్నీ వండారు. మామిడికాయ పప్పు, జంతికలు. ఆకులో వడ్డించి, పోయిన చోటే పెట్టాలని పెద్దవాళ్ళన్నారు గనక పెద్దరసాల చెట్టు దగ్గర పెట్టి, కాకి కోసం అందరం కాస్త దూరంలో నిలబడ్డాం. కొండవైపు చెట్ల మీద కాకులు చాలానే ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు. ఏదో కోరిక మిగిలిపోయిందన్నారు. మా ఆయన ముందుకి వచ్చి చేతులు జోడించి, "స్వామికి ఇక్కడే గుడి కట్టిస్తానమ్మా" అన్నారు. కాకి దిగలేదు. "చెట్లు ఒక్కటి కూడా కొట్టనమ్మా" అన్నారు. కాకి దిగలేదు. తలలెత్తి అందరూ ఆకాశంలోకే చూస్తున్నారు.

అప్పుడు మొదటి సైరన్ మోగింది. ఆవిడ పోయిన మూడోనాడు కూడా, భోజనాల వేళకి, రోజూ మోగినట్టే.

కాకులన్నీ ఒక్కసారి లేచాయి. గుంపుగా కొండకి ఎదురు దిక్కున, మా తలల మీదుగా, రోడ్డువైపు ఎగిరిపోయాయి. అందరి తలలూ కాకుల వెంట రోడ్డువైపు తిరిగాయి. మా ఆయన తల మాత్రం అవి వచ్చిన వైపుకి తిరిగింది. ఆయన కొండకేసి చూశారు. తర్వాత షెడ్డులోకి వెళ్ళి పార తెచ్చి, ముగ్గు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని మొలకలు పీకడం మొదలుపెట్టారు. ఎవరో "ఏంటి బాబూ ఇది, తప్పు" అన్నారు. ఆయన వినలేదు.

మా తోటది ఎర్రమట్టి. ఆయన పూడ్చింది నల్లటి చెరువు మట్టితో. ఎంత అలికినా, ఎంత తొక్కినా ఆ రెండూ కలవలేదు. నల్లమట్టి మెత్తగా పారకి వచ్చేస్తోంది, దాని కింద అంచు గట్టిగా ఎర్రగా తగులుతోంది. కాసేపటికి పార పక్కన పడేసి చేతులతోనే తోడారు. పొడుగాటి గొయ్యి, నేను చూసిన రోజున ఎలా ఉందో అలాగే, కొస నుంచి కొసదాకా బయటపడింది. ఆయన లోతు కొసన కూర్చుని, దాని పొడుగు వెంబడి తలెత్తి, ఆ రోజున నేను చూసిన చోటే చూశారు.

రెండో సైరన్ మోగింది.

స్వామి అన్నవాళ్ళు, అదృష్టవంతురాలు అన్నవాళ్ళు, అందరూ ఇంటివైపు పరుగెత్తారు. ఒక ముసలాయన చెప్పులు వదిలేసి పరుగెత్తాడు. చెట్టు కింద విస్తరి, రెండు రాళ్ళు, మేమిద్దరం మిగిలాం. నేను ఆయన చొక్కా పట్టుకుని లాగాను. ఆయన లేవలేదు. నల్లమట్టి చేతులతో నా మణికట్టు పట్టుకున్నారు.

"రోజూ ఆ టైముకి ఫోన్ చేసేది ఇందుకా?" అన్నారు.

"ఇందుకే" అన్నాను.

ఆయన నోరు తెరిచారు, ఏదో అనబోయారు. అంతలో కొండ మీద పేలింది. ఆయన్ని గొయ్యిలోకి తోసి, నేనూ మీద పడి తల దాచుకున్నాను. వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయి.